మూత మీద 120, జాలీ దగ్గర 98: మాంసం పొగబెట్టేటప్పుడు ఏ థర్మామీటరును నమ్మాలి?

అనంతపురం నుంచి మీరు అడిగిన ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇనుప డ్రమ్ముతో ఒక స్మోకర్, అంటే మాంసాన్ని పొగలో ఉడికించే పొయ్యి, చేయించుకున్నారు. దాని మూతకు బిగించిన డయల్ థర్మామీటరు 120 డిగ్రీలు చూపిస్తుంటే, మీరు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రెండు ప్రోబుల (వేడిని పసిగట్టే లోహపు పుల్లల) డిజిటల్ మీటరు మాంసం పెట్టే జాలీ దగ్గర 98 చూపిస్తోంది. అనుమానం వచ్చి డిజిటల్ ప్రోబును ఐసు వేసిన నీళ్ళలో పెడితే 2 వచ్చింది, మరిగే నీళ్ళలో పెడితే 99 వచ్చింది. సున్నా రావలసిన చోట సున్నా రాలేదు, నూరు రావలసిన చోట నూరు రాలేదు కాబట్టి అది పాడైన సరుకా, వెనక్కి పంపాలా, వచ్చే ఆదివారం పొట్టేలు జబ్బా నాలుగు కోళ్ళూ పెట్టేటప్పుడు దేన్ని నమ్మాలి అని అడిగారు.

మీ డిజిటల్ మీటరు బాగానే ఉన్నట్టు కనిపిస్తోంది, దాన్ని వెనక్కి పంపకండి. అనంతపురంలో మరిగే నీళ్ళు 100 డిగ్రీలు ఉండవు, 99కి కాస్త తక్కువే ఉంటాయి. అందువల్ల మీకు వచ్చిన 99 సరైన అంకె. ఐసు నీళ్ళలో వచ్చిన 2 మాత్రం, నా అనుభవాన్ని బట్టి చెప్పాలంటే, మీటరు తప్పు కాకపోవచ్చు. ఐసు కలిపిన తీరులోని తప్పు అయివుండే అవకాశమే ఎక్కువ. ఆ పరీక్షను కింద చెప్పిన విధంగా మళ్ళీ ఒకసారి చేయండి. ఇక మూత మీది డయల్ సంగతి వేరు. అది తప్పు చూపిస్తూ ఉండవచ్చు, లేదా ఒప్పే చూపిస్తూ ఉండవచ్చు. కానీ అది చూపించేది మూత కింది గాలి వేడిని, మీ మాంసం చుట్టూ ఉన్న గాలి వేడిని కాదు. రెండు వేర్వేరు చోట్ల పెట్టిన రెండు థర్మామీటర్లను పోల్చి వాటిలో ఏది అబద్ధం చెబుతోందని అడిగితే జవాబు దొరకదు. ముందు రెండింటినీ ఒకే చోటికి తేవాలి.

నేను ఎర్రగుంట్ల ప్రాంతంలోని ఒక సిమెంటు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. బట్టీల దగ్గర వేడిని కొలిచే థర్మోకపుల్స్ మార్చడం, వాటిని సరిచూడడం నా ఉద్యోగం. ఇప్పుడు కడపలో ఇంటి వెనుక రెండు డ్రమ్ములు పెట్టుకుని పొట్టేలు మాంసం, కోళ్ళు పొగబెడుతున్నాను. బంధువుల ఇళ్ళ శుభకార్యాలకు అడిగినవాళ్ళకు చేసి ఇస్తాను. నలుగురు తినే మాంసం విషయంలో ఉజ్జాయింపు పనికిరాదన్నది నా పట్టుదల. అందుకే ఈ జవాబు కొంచెం పెద్దదవుతుంది.

మొదట మరుగు నీళ్ళ సంగతి. నీళ్ళు ఎంత వేడి దగ్గర మరుగుతాయన్నది పైన ఉన్న గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉంటే ఒత్తిడి అంత తక్కువ, నీళ్ళు అంత ముందుగా మరుగుతాయి. మన ఎత్తుల్లో దాదాపు 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క వేసుకోవచ్చు. కడప సుమారు 138 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 99.5 దగ్గర మరుగుతాయి. కర్నూలు సుమారు 273 మీటర్లు, అక్కడ 99.1. మీ అనంతపురం సుమారు 335 మీటర్లు, మీకు 98.9. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఇంట్లో, అంటే దాదాపు 920 మీటర్ల ఎత్తున, ఇదే పరీక్ష చేస్తే 97 దగ్గర ఆగింది. వాడు మీలాగే మీటరు చెడిపోయిందనుకుని నాకు ఫోన్ చేశాడు. ఎండాకాలంలో మన సీమలో గాలి ఒత్తిడి చలికాలంలో కంటే తగ్గుతుంది గనుక మరో రెండు మూడు పదోవంతుల తేడా రావచ్చు. వంటకు అది లెక్కలోకి రాదు.

అయితే మరుగు నీళ్ళ పరీక్షలోనూ జాగ్రత్తలున్నాయి. గిన్నె అడుగున చిన్న బుడగలు లేస్తున్నప్పుడు కాక, నీళ్ళు కుతకుతమని పొర్లుతున్నప్పుడే చూడాలి. ప్రోబు కొన గిన్నె అడుగుకు గానీ అంచుకు గానీ తగలకూడదు, ఎందుకంటే స్టవ్ మంట మీదున్న లోహం నీళ్ళకంటే వేడిగా ఉంటుంది. వైరు ప్రోబు అయితే లోహపు గొట్టం వైరును కలిసే చోట ఆవిరి తగలకుండా, ప్రోబును పక్కకు వాల్చి పట్టుకోవాలి. ఆ అతుకు దగ్గర తేమ చేరితే ఏమవుతుందో తర్వాత చెబుతాను. నా లెక్కన సగం ప్రోబులు అక్కడే పాడవుతాయి.

ఇప్పుడు ఐసు పరీక్ష. చాలామంది చేసేది ఏమిటంటే, ఒక గ్లాసు నీళ్ళు తీసుకుని, ఫ్రిజ్‌లోని నాలుగు ఐసు ముక్కలు వేసి, కాసేపాగి ప్రోబు కొనను అడుగుదాకా దించడం. మీరూ అలాగే చేసి ఉంటారని నా అనుమానం. నీళ్ళకు ఒక విచిత్రమైన గుణం ఉంది. అవి 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. ఐసు పైన తేలుతుంది, 4 డిగ్రీల నీళ్ళు అడుగున కూర్చుంటాయి. కలపకుండా అడుగున కొలిస్తే 2, 3 అని చూపించడం మీటరు నిజాయితీయే తప్ప లోపం కాదు.

నేను చేసే పద్ధతి ఇది. ఐసును శుభ్రమైన గుడ్డలో చుట్టి రోకలితో నలగ్గొట్టి, శనగగింజంత ముక్కలయ్యాక ఒక థర్మాస్ ఫ్లాస్కులో గానీ, ఫ్లాస్కు లేకపోతే గుడ్డ చుట్టిన పెద్ద స్టీలు గ్లాసులో గానీ నిండా నింపుతాను. ఆ తర్వాతే నీళ్ళు పోస్తాను, అదీ ముక్కల మధ్య సందులు నిండేంతవరకే. ఐసు తేలితే నీళ్ళు ఎక్కువైనట్టు, వంచేసి మళ్ళీ ఐసు వేయాలి. ఐదు నిమిషాలు ఆగి, ప్రోబును మధ్యలో ఉంచి, నెమ్మదిగా కలుపుతూ అంకె కదలడం ఆగేదాకా చూస్తాను. గ్లాసులో ఐసు ఎక్కువ, నీళ్ళు తక్కువ ఉండాలి, కలుపుతూ ఉండాలి. ఇలా చేశాక కూడా మీకు 2 వస్తే అప్పుడు అది మీటరు తప్పే.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక పెళ్ళివారికి పొట్టేలు మాంసం, కోడి తొడలు పొగబెట్టే పని ఒప్పుకున్నప్పుడు, ముందు రోజు ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మె తెప్పించి, దాని పైచెక్క కొట్టి థర్మామీటరును సరిచూశాను. డయల్ కింద నట్టు ఉండే రకం అది. మంచులో పెడితే ముల్లు సున్నాకు కింద రెండున్నర దగ్గర నిలబడింది. స్పానరుతో నట్టు తిప్పి సున్నాకు తెచ్చి, పని అయిందనుకున్నాను. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మెలు తయారయ్యేది ఉప్పునీళ్ళ తొట్టిలో ముంచిన డబ్బాల్లో. డబ్బా పైకి తీసేటప్పుడు ఆ ఉప్పునీళ్ళు దిమ్మె మీద పడడం మామూలే. ఉప్పు కలిసిన ఐసు సున్నాకంటే చల్లగా ఉంటుంది. అంటే నా థర్మామీటరు ఉన్నది ఉన్నట్టు చెబుతుంటే, నేనే దాని ముల్లు తిప్పి రెండున్నర డిగ్రీలు ఎక్కువ చెప్పేలా చేశాను. మరునాడు తొడల్లో 74 చూపించినప్పుడు నిజంగా ఉన్నది 71.5. వడ్డనకు ముందు ఎముక దగ్గర కోసి చూసే అలవాటు ఉన్నందువల్ల గులాబీ రంగు రసం కనబడి, అన్నింటినీ మళ్ళీ జాలీ మీదికి ఎక్కించాను. భోజనాలు ముప్పావుగంట ఆలస్యమయ్యాయి. ఆనాటి నుంచి దిమ్మె ఐసు అయితే మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, లోపలి భాగం మాత్రమే వాడతాను. రంగు ఒక్కటే ఉడికినదానికి సాక్ష్యం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పొగ తగిలిన కోడిమాంసం పూర్తిగా ఉడికాక కూడా గులాబీ రంగులో కనిపించవచ్చు. రంగు చూసి అనుమానపడవచ్చు గానీ, తీర్పు థర్మామీటరే చెప్పాలి.

మన బోరు నీళ్ళలో ఉప్పు శాతం ఎక్కువ కదా, దానితో తప్పు రాదా అని మీరు అడగవచ్చు. లీటరుకు రెండు గ్రాముల లవణాలున్న నీళ్ళతో కూడా ఘనీభవించే వేడి డిగ్రీలో పదోవంతుకు కాస్త పైన మాత్రమే దిగుతుంది. మనకు అంతటి సూక్ష్మం అక్కరలేదు. అయినా మినరల్ వాటర్ క్యాన్ ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆ నీళ్ళే వాడితే ఆ సందేహమూ ఉండదు.

రెండు పరీక్షలూ ఎందుకు చేయాలి, ఒకటి చాలదా అంటే చాలదు. థర్మామీటరు తప్పు అన్ని వేడిమిల దగ్గరా ఒకేలా ఉండదు. ఉదాహరణకు ఐసులో 1 చూపించి, మీ అనంతపురం మరుగు నీళ్ళలో 97.9 చూపించే ప్రోబు ఒకటి ఉందనుకోండి. కింది చివర ఒక డిగ్రీ ఎక్కువ, పై చివర ఒక డిగ్రీ తక్కువ. కోడి ఉడికే 74 దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు తప్పుల మధ్య లెక్క కడితే దాదాపు అర డిగ్రీ తక్కువ చూపిస్తుంది. ఐసు పరీక్ష ఒక్కటే చేసి, ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తోందని అన్ని చోట్లా ఒకటి తీసివేస్తే, 74 దగ్గర తప్పు తగ్గకపోగా పెరుగుతుంది. మీకు అసలు కావలసింది 60 నుంచి 95 మధ్య నిజం చెప్పే ప్రోబు. ఆ మేరకు చూస్తే మరుగు నీళ్ళ పరీక్షకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

తక్కువ వేడి దగ్గర మరొక సాక్షి కావాలంటే ఇంట్లోని డిజిటల్ జ్వరం థర్మామీటరు ఉంది. అది డిగ్రీలో ఒకటి రెండు పదోవంతుల లోపే తప్పుతుంది, అంతటి నమ్మకమైన పరికరం వంటింట్లో మరొకటి ఉండదు. ఒక గిన్నెలో 39 డిగ్రీల చుట్టుపక్కల గోరువెచ్చని నీళ్ళు పోసి, కలుపుతూ, రెండింటి కొనలనూ పక్కపక్కన ఉంచి చూడండి. దాన్ని మాత్రం అంతకు మించిన వేడి నీళ్ళలో ముంచకండి, పాడవుతుంది.

ఇప్పుడు మూత మీది డయల్ దగ్గరికి వద్దాం. ఇలాంటివాటి లోపల రెండు లోహాల పట్టీ ఒకటి స్ప్రింగులా చుట్టి ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ, మరొకటి తక్కువ సాగడం వల్ల పట్టీ మెలితిరిగి ముల్లును తిప్పుతుంది. ఆ పట్టీ కాడ కొనలో ఒక్క చుక్కలాగా కాక, ఐదారు సెంటీమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. కాబట్టి డయల్‌ను పరీక్షించేటప్పుడు కాడ అంత లోతు మునగాలి. ఈ కారణంగానే డయల్ రకాన్ని కోడి తొడ వంటి పలుచని మాంసానికి వాడకూడదు. కాడ సగం మాంసంలో, సగం గాలిలో ఉంటే అది రెండింటికీ మధ్య ఏదో ఒక అంకె చెబుతుంది.

మూత డయల్స్‌లో చాలావాటికి అంకెలు 50 నుంచో అంతకు పైనుంచో మొదలవుతాయి గనుక ఐసు పరీక్ష వాటికి పనికిరాదు. మూత వెనుక నట్టు విప్పి, డయల్‌ను బయటికి తీసి, ముందు కాడకు అంటిన నల్లటి పొగతారును గోరువెచ్చని సబ్బునీళ్ళతో మెత్తటి పీచు పెట్టి కడగండి. ఆ పూత దట్టమైతే ముల్లు వేడిని ఆలస్యంగా అందుకుంటుంది. తర్వాత మరుగు నీళ్ళలో కాడ మునిగేలా పట్టుకుని మూడు నిమిషాలు చూడండి. 99 దగ్గర నిలిస్తే మంచిది. 105, 110 అని చూపిస్తే కాడ మొదట్లో ఉండే నట్టును స్పానరుతో తిప్పి సరిచేయవచ్చు. నట్టు లేని రకమైతే ఎంత తేడా ఉందో రాసిపెట్టుకుని ఆ మేరకు తీసివేసుకోవాలి.

డ్రమ్ము నడిచేది 107 నుంచి 121 డిగ్రీల మధ్య కదా, ఆ వేడి దగ్గర ఎలా సరిచూడాలంటే నీళ్ళతో కుదరదు, నూనె కావాలి. మన దగ్గర వేరుశనగ నూనెకు కొరత లేదు. మందపాటి గిన్నెలో ఐదారు అంగుళాల లోతు నూనె పోసి 125 దాకా కాచి, మంట ఆర్పేసి, పొడుగు గరిటెతో కలుపుతూ, డయల్ కాడనూ ఇంతకుముందే మరుగు నీళ్ళలో నెగ్గిన డిజిటల్ ప్రోబునూ కలిపి ముంచండి. నూనె చల్లారుతున్న కొద్దీ 120, 115, 110 దగ్గర రెండూ ఏమంటున్నాయో రాసుకోండి. మంట ఆర్పిన తర్వాతే కొలవాలి, లేకపోతే అడుగున ఒక వేడి, పైన ఒక వేడి ఉంటుంది. నూనెలో ముంచే ప్రతి వస్తువూ పొడిగా తుడిచి ఉండాలి. ఒక్క నీటి చుక్క కాడ మీద మిగిలినా నూనె చేతుల మీదికి, ముఖం మీదికి చిందుతుంది. పిల్లలను ఆ దాపులకు రానివ్వకండి.

డయల్ ఈ పరీక్షలో నెగ్గిందనే అనుకుందాం. అయినా డ్రమ్ముకు బిగించాక అది 120, జాలీ దగ్గర ప్రోబు 98 అనడం పూర్తిగా సాధ్యమే. వేడి గాలి పైకి లేచి మూత కింద చేరుతుంది, చల్లటి మాంసం తన చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. మూతకూ జాలీకీ మధ్య 10 నుంచి 25 డిగ్రీల తేడా నా రెండు డ్రమ్ముల్లోనూ ఉంది. అది కూడా స్థిరంగా ఉండదు. మాంసం పెట్టిన మొదటి గంటలో ఎక్కువ, చివరికి తక్కువ. ఇది తేల్చుకోవడానికి ఒక్క పని చేయండి. ఖాళీ డ్రమ్ములో నిప్పు నిలకడ అయ్యాక, డయల్‌ను మూత నుంచి విప్పి దాని కాడను జాలీ మీద, డిజిటల్ ప్రోబు కొన పక్కనే పడుకోబెట్టండి. మూత వేసి ఇరవై నిమిషాలు ఆగి, తీసిన క్షణంలోనే రెండూ చూడండి. అక్కడ రెండూ నాలుగైదు డిగ్రీల లోపు కలిస్తే రెండు పరికరాలూ మంచివే, చోట్లే వేరన్నమాట. ఆ తర్వాత మూత డయల్‌ను నిప్పు పెరుగుతోందా తగ్గుతోందా అని దూరం నుంచి చూసుకోవడానికి వాడుకోండి. వంట లెక్కంతా జాలీ దగ్గరి ప్రోబుదే.

ఆ జాలీ ప్రోబును పెట్టే చోటు కూడా ముఖ్యం. మాంసానికి ఆనించి పెడితే చల్లగా చూపిస్తుంది, నిప్పుల సెగ సూటిగా తగిలే చోట పెడితే గాలి వేడికంటే ఎక్కువ చూపిస్తుంది. మాంసానికి రెండు మూడు అంగుళాల ఎడంగా, జాలీకి తగలకుండా ఉండాలి. నేను ఒక బంగాళాదుంపకు అడ్డంగా ప్రోబును గుచ్చి, కొన అవతలికి రెండు అంగుళాలు వచ్చేలా చేసి జాలీ మీద ఉంచుతాను. దొర్లకుండా దుంప అడుగు కొంచెం చెక్కుతాను. క్లిప్పులు పోయినా దుంప ఎప్పుడూ దొరుకుతుంది.

మాంసంలో గుచ్చే ప్రోబుకు వేరే లెక్క. అన్నిటికంటే దళసరిగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా, మధ్యకు చేరాలి. నేను కొన కొంచెం లోతుగా గుచ్చి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ, దారిలో కనిపించే అన్నిటికంటే తక్కువ అంకెనే నిజంగా తీసుకుంటాను. కోడి అయితే తొడ కీలు దగ్గర, రొమ్ములో, రెండు చోట్లా చూడాలి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే కొలతలు నేను పాటిస్తాను. కోడికి 74 డిగ్రీలు, కీమాకు 71, పొట్టేలు మాంసం ముక్కగా ఉంటే 63కు చేరాక మూడు నిమిషాలు అలా వదిలేయడం. జబ్బ మాత్రం 63 దగ్గర తినడానికి ప్రమాదం లేకపోయినా నమలడానికి కష్టం. అందులోని పీచు కరిగి మెత్తబడాలంటే 90 నుంచి 95 దాకా నెమ్మదిగా తీసుకెళ్ళాలి.

జబ్బ పెట్టినప్పుడు మిమ్మల్ని కంగారు పెట్టే ఘట్టం ఒకటి వస్తుంది. 65, 70 దాకా బాగానే పెరిగిన అంకె అక్కడ గంట, రెండు గంటలు కదలకుండా నిలబడిపోతుంది, ఒక్కోసారి ఒక డిగ్రీ వెనక్కి కూడా వస్తుంది. అప్పుడు థర్మామీటరు చెడిపోయిందని ప్రోబులు మార్చేవాళ్ళను, నిప్పు అమాంతం ఎగదోసేవాళ్ళను చూశాను. మాంసం పైనుంచి తేమ ఆవిరవుతూ, కుండలో నీళ్ళు చల్లబడినట్టే మాంసాన్ని చల్లబరుస్తుంటుంది. నిప్పు ఇచ్చే వేడి అంతా ఆ ఆవిరికే సరిపోతుంది. తేమ తగ్గాక అంకె తానే కదులుతుంది. ప్రోబు మీద అనుమానముంటే మరొక ప్రోబును పక్కనే గుచ్చి చూడండి, అదే మాట చెబితే ఓపిక పట్టండి.

వైరు ప్రోబుల విషయంలో ఇందాక చెబుతానన్న తేమ సంగతి ఇదే. ఈ ప్రోబుల్లో చాలావాటి కొనలో థర్మిస్టర్ అనే చిన్న గింజ ఉంటుంది. వేడి పెరిగితే దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది, మీటరు ఆ నిరోధాన్ని కొలిచి డిగ్రీలుగా మార్చి చెబుతుంది. కడిగేటప్పుడో ఆవిరి వల్లనో వైరు అతుకులోంచి తేమ లోపలికి దిగితే, కరెంటుకు ఆ తేమ మరొక దారి అవుతుంది. నిరోధం తగ్గినట్టు కనబడుతుంది, మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వేడి చూపిస్తుంది. తేమ చేరిన ప్రోబు ఉడకని మాంసాన్ని ఉడికిందని చెబుతుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. ఒకసారి నా ప్రోబు డ్రమ్ములో పెట్టిన నలభై నిమిషాలకే కోడిలో 90 చూపించింది. 110 డిగ్రీల గాలిలో కోడి అంత త్వరగా అంత వేడెక్కదని తెలుసు కాబట్టి నమ్మలేదు, పెన్నులాంటి మరో థర్మామీటరుతో చూస్తే 41. అలాంటి ప్రోబును ఖాళీ డ్రమ్ములో 120 దగ్గర గంటకు పైగా ఆరబెట్టి, మళ్ళీ ఐసులో, మరుగు నీళ్ళలో చూస్తాను. ఒక్కోసారి బాగవుతుంది. రెండోసారి అదే పని చేస్తే పారేస్తాను. ప్రోబును ఎప్పుడూ నీళ్ళలో నానబెట్టకండి, తడిగుడ్డతో గొట్టం మాత్రం తుడవండి.

పెన్నులా ఉండి రెండు మూడు సెకన్లలో చూపించే ఖరీదైన రకాల్లో సాధారణంగా థర్మోకపుల్ ఉంటుంది. రెండు వేర్వేరు లోహపు తీగలు కొన దగ్గర కలిసి ఉంటాయి. అది కొలిచేది కొన వేడికీ, మీటరు లోపలి మరొక చివర వేడికీ మధ్య తేడాను మాత్రమే. ఆ రెండో చివర వేడిని మీటరు విడిగా కొలిచి కలుపుకుంటుంది. మీటరును మే నెల మధ్యాహ్నం ఎండలో డ్రమ్ము పక్కన ఇనుప బల్ల మీద పెడితే, లోపల ఒక మూల వేడెక్కి ఒక మూల వేడెక్కక, ఆ కలిపే లెక్క తప్పుతుంది. కర్మాగారంలో మేము బట్టీ సెగ తగిలే పెట్టెలతో పడిన పాట్లు ఇవే. అందువల్ల ఏ రకమైనా సరే మీటరు డబ్బాను నీడలో ఉంచండి, బ్యాటరీ తగ్గిన గుర్తు కనబడిన వెంటనే మార్చండి.

తుపాకీలా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ రకం గురించి మీరు అడగలేదు గానీ, చాలామంది దానితో మాంసం చూస్తున్నారు. అది పైపొర వేడిని మాత్రమే చెబుతుంది, లోపలి సంగతి దానికి తెలియదు. మెరిసే స్టీలు మీద అయితే పైపొర వేడిని కూడా తప్పు చెబుతుంది.

మీటరు ఫారన్‌హీట్‌లో ఉందో సెల్సియస్‌లో ఉందో కూడా ఒకసారి చూసుకోండి. అమెరికా వంటకాల్లో 225 అంటే మన 107, 250 అంటే 121. ఇది తెలియక 225 సెల్సియస్‌లో జబ్బను పెట్టి పైన మాడ్చి లోపల పచ్చిగా తీసినవాళ్ళు నాకు తెలుసు.

ఎంత తప్పును ఓర్చుకోవచ్చంటే, మాంసంలో గుచ్చే ప్రోబుకు ఒక డిగ్రీ అటూఇటూ అయితే నేను పట్టించుకోను. రెండు డిగ్రీలైతే రాసుకుని సరిచేసుకుంటాను. మూడు దాటితే, లేదా ఒకే ఐసులో రెండుసార్లు రెండు రకాలుగా చూపిస్తే, దాన్ని వాడను. ఎప్పుడూ ఒకే మేర తప్పేదాన్ని దిద్దుకోవచ్చు, నిలకడ లేనిదాన్ని దిద్దలేం. గాలి కొలిచే ప్రోబుకు ఐదు డిగ్రీల తేడా ఉన్నా ఫరవాలేదు, కట్టెల నిప్పు తనంతట తానే పది డిగ్రీలు ఊగుతుంది. మీరు అమ్మకానికి చేయదలిస్తే మాత్రం ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో ఒక్క ప్రోబుకైనా కాలిబ్రేషన్ సర్టిఫికెట్, అంటే కొలత సరిచూసిన పత్రం, చేయించుకుని, మిగతావాటిని దానితో పోల్చుకోండి.

మన పెద్దవాళ్ళు థర్మామీటరు లేకుండానే ఉప్పుకండలు చేయలేదా అని మా ఇంట్లోనే అడిగారు. చేశారు, ఇప్పుడూ చేస్తున్నారు. కానీ అక్కడ మాంసాన్ని కాపాడేది ఉప్పు, పసుపు పట్టించి ఎండలో గలగలలాడేలా ఎండబెట్టడం. చేత్తో విరిచి చూస్తే ఎండిందో లేదో తెలిసిపోతుంది. చీనీ (బత్తాయి) కట్టె, చింత కట్టె పొగలో మనం చేసే జబ్బ తడిగా, రసంతో ఉంటుంది. దాన్ని కాపాడేది లోపలికి చేరిన వేడి ఒక్కటే, ఆ వేడి చేతికి తెలియదు. పైగా 5కూ 60కీ మధ్య వేడిలో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. బయట 32 దాటితే పచ్చిమాంసాన్ని గంటకు మించి బయట ఉంచవద్దంటారు, మనకు ఏడాదిలో ఎన్నో నెలలు 32 దాటే ఉంటుంది. కాబట్టి నిప్పు నిలకడ అయ్యేదాకా మాంసాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచండి.

ఆదివారానికి మీరు చేయవలసిన క్రమం ఇది. శనివారం సాయంత్రం ఐసు బాగా నలగ్గొట్టి రెండు ప్రోబులనూ కలిపి ముంచండి, సున్నాకు ఒకటి అటూఇటూ వస్తే మంచిది. వెంటనే మరుగు నీళ్ళలో 98, 100 మధ్య ఉందో చూడండి. డయల్‌ను కడిగి అదే నీళ్ళలో చూడండి. నూనె పరీక్షకు సమయం లేకపోతే వచ్చే వారానికి వదిలేయండి, జాలీ ప్రోబు ఉంది గనుక వంట ఆగదు. ఆదివారం డ్రమ్ములో జాలీ దగ్గర 110 వచ్చేలా గాలి రంధ్రాలు సర్దండి, అప్పుడు మూత డయల్ 130 దాటినా కంగారు పడకండి. కోళ్ళను 74 దగ్గర, ప్రతి కోడినీ విడివిడిగా చూసి తీయండి, ఒక కోడిలో వచ్చిన అంకెను మిగతా మూడింటికీ అన్వయించవద్దు. ప్రోబు వైరు చివర తెల్లటి టేపు ముక్క అతికించి, దాని మీద తేదీ, ఐసులో ఎంత, మరుగు నీళ్ళలో ఎంత అని మూడు అంకెలు బాల్‌పెన్నుతో రాయండి. నేను రెండు నెలలకు ఒకసారి, ప్రోబు కిందపడితే ఆ రోజే, మళ్ళీ చూసి ఆ టేపు మారుస్తాను. సరిగ్గా కలిపిన ఐసులో కూడా మీకు 2 వచ్చినట్లయితే ఆ అంకెలు ఇక్కడ రాయండి, 74 దగ్గర ఎంత దిద్దుకోవాలో లెక్క కట్టి చెబుతాను.